మిషిగన్‌లో మొదటి చలికాలం, పాత కామ్రీ: స్నోలో ఆఫీసుకెళ్ళడం ఎలా?

తెనాలి_కుర్రాడు
అందరికీ నమస్కారం. ఆరిజోనాలో ఎమ్మెస్ ముగించి మొన్న ఆగస్టులో మిషిగన్ వచ్చాను. ఇల్లు నోవైలో, ఆఫీసు ఆబర్న్ హిల్స్‌లో. రోజూ 696 ఫ్రీవే మీద వెళ్ళి 75 నార్త్ ఫ్రీవే ఎక్కాలి. వర్క్ ఫ్రమ్ హోమ్ శుక్రవారం ఒక్కటే. బండి 2014 కామ్రీ, ఫీనిక్స్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాన్నే ఇక్కడికి తోలుకొచ్చాను.

నిన్న సాయంత్రం మొదటి స్నో పడింది. అంగుళం కూడా ఉండదు. అపార్ట్‌మెంట్ బయట స్టాప్ సైన్ దగ్గర మామూలుగానే బ్రేక్ వేశాను. పాదం కింద పెడల్ గరగరా కొట్టుకుంది, బండి మాత్రం తీరిగ్గా జారుకుంటూ పోయి గీత దాటాక ఆగింది. వేగం పదిహేను మైళ్ళు కూడా లేదు. ఇదే 75 మీద అయితే ఏమిటి పరిస్థితి అని ఒకటే టెన్షన్.

ఆఫీసులో ఒకాయన ఈ బండి అమ్మేసి ఆల్‌వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ కొనమంటున్నాడు. రూమ్మేటేమో మెల్లగా తోలితే చాలంటున్నాడు. నా క్రెడిట్ హిస్టరీకి కార్ లోన్ వడ్డీ చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. అనుభవమున్నవాళ్ళు కాస్త చెప్పండి.

ట్రాయ్_బాబాయ్
అబ్బాయ్, ముందు ఆ గరగర సంగతి. అది ఏబీఎస్ పని చేస్తున్న చప్పుడు, బండికేమీ కాలేదు. చక్రం పూర్తిగా బిగుసుకుపోకుండా బ్రేకుని సెకనుకి చాలాసార్లు పట్టి వదులుతూ ఉంటుంది. ఆ వణుకుకి కంగారుపడి కాలు తీసేస్తుంటారు. తీయకూడదు. తొక్కిపట్టి ఉంచి, స్టీరింగ్ ఎటు తిప్పాలో అటు తిప్పుకోవాలి. "బ్రేకు కొట్టి వదులు, కొట్టి వదులు" అని ఎవరైనా పెద్దవాళ్ళు చెబితే అది ఏబీఎస్ లేని రోజుల మాట.

ఇక నా అనుమానమంతా నీ టైర్ల మీద. ఫీనిక్స్ ఎండకి రబ్బరు త్వరగా ముసలిదైపోతుంది, పైకి గాడి బాగానే కనిపిస్తుంది. రేపు పొద్దున రెండు పనులు చెయ్. టైరు పక్కగోడ మీద డీఓటీ అని మొదలయ్యే వరస ఉంటుంది. దాని చివర నాలుగు అంకెలు చూడు. 3517 అని ఉంటే 2017లో 35వ వారంలో తయారైందని. బయటివైపు ఆ అంకెలు లేకపోతే లోపలివైపు ఉంటాయి, టార్చి వేసి పడుకుని చూడాల్సిందే. రెండోది, క్వార్టర్ (25 సెంట్ల) నాణెం తీసుకుని దాని మీది వాషింగ్టన్ తల కిందికి ఉండేలా గాడిలో పెట్టు. తల పైభాగం మొత్తం బయటికి కనిపిస్తే లోతు 4/32 అంగుళాల కంటే తక్కువ. వానకే అది అంతంతమాత్రం. స్నోకి కనీసం 6/32 అయినా ఉండాలంటారు.

ఆ రెండూ చూసి ఇక్కడ రాయి. అప్పటిదాకా ఎస్‌యూవీ షోరూమ్ వైపు పోకు.

సుబారు_రాజు
బాబాయ్ గారితో నేను ఏకీభవించను. షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాను. ఏడబ్ల్యుడీ (ఆల్‌వీల్ డ్రైవ్) ఉండి, మంచి ఆల్‌సీజన్ టైర్లుంటే వింటర్ టైర్లన్నీ దండగ. మా సబ్‌డివిజన్‌లో స్నో తీయకముందే నేను బయటపడతాను, పక్కింటాయన ఫ్రంట్‌వీల్ బండి డ్రైవ్‌వేలోనే చక్రాలు తిప్పుకుంటూ ఉంటుంది. రెండు సెట్లు కొనడం, ఏడాదికి రెండుసార్లు మార్చడం, దాచుకోవడం, ఎవడు పడతాడండీ ఆ బాధ?

మంచుకొండ
రాజు గారూ, డ్రైవ్‌వేలోంచి బయటపడటం వేరు, ఎర్ర లైటు దగ్గర ఆగడం వేరు. ఏడబ్ల్యుడీ చేసేది ఇంజన్ బలాన్ని నాలుగు చక్రాలకీ పంచడం. బండి కదలడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. బ్రేకులు మాత్రం ప్రతి కారుకీ నాలుగు చక్రాలకీ ఉంటాయి, కామ్రీకైనా మీ సుబారుకైనా. అక్కడ పట్టు ఇచ్చేది రబ్బరొక్కటే. పైగా ఏడబ్ల్యుడీ బండి జారకుండా వేగం అందుకుంటుంది కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో డ్రైవరుకి తెలియదు. మా మినియాపోలిస్‌లో మొదటి స్నో రోజున గుంటలో పడినవాటిలో పెద్ద పెద్ద ఎస్‌యూవీలు, పికప్‌లు ఎన్ని ఉంటాయో చూడండి.

ఓసారి లెక్క వేద్దాం. గంటకి 30 మైళ్ళ వేగంలో బ్రేకు తొక్కాక, ఘర్షణ గుణకం (రోడ్డు మీద టైరుకి దొరికే పట్టు) పొడి రోడ్డు మీద 0.7 అనుకుంటే 13 మీటర్లలో బండి ఆగుతుంది. నలిగి గట్టిపడిన స్నో మీద 0.25 అనుకోండి, 37 మీటర్లు. ఐస్ మీద 0.1, అంటే 92 మీటర్లు. మీరు ఆలోచించుకునే సమయంలో పోయే దూరం ఇందులో కలపలేదు. వేగం రెట్టింపైతే ఈ దూరాలన్నీ నాలుగింతలవుతాయి. గుణకం కాస్త పెంచగలిగేది టైరు, వేగం తగ్గించగలిగేది మీ కుడికాలు. ఏడబ్ల్యుడీకి ఈ లెక్కలో చోటే లేదు.

వింటర్ టైరు గొప్పంతా రబ్బరులో ఉంది. దాదాపు 7 సెల్సియస్, అంటే 45 ఫారెన్‌హీట్ కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు ఫ్రిజ్‌లో పెట్టిన మైసూర్‌పాక్‌లా గట్టిపడి రోడ్డుని పట్టుకోదు. వింటర్ రబ్బరు అప్పుడు కూడా మెత్తగా ఉంటుంది. పైగా గాడుల మధ్య సన్నని కోతలు వందల్లో ఉంటాయి, అవి స్నోని కొరికి పట్టుకుంటాయి. కొనేటప్పుడు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో స్నోఫ్లేక్ బొమ్మ ఉందో లేదో చూడాలి. అది స్నో మీద పరీక్షించాక ఇచ్చే గుర్తు. "ఎం ప్లస్ ఎస్" (మడ్ అండ్ స్నో) అని రాసి ఉండటం గాడుల ఆకారం గురించి మాత్రమే, దానికి ఆ పరీక్ష ఉండదు.

సుబారు_రాజు
లెక్క బాగుంది మాస్టారూ. కానీ షికాగోలో మెయిన్ రోడ్లన్నీ గంటల్లో ఉప్పు చల్లి శుభ్రం చేసేస్తారు. నిజంగా స్నో మీద తోలేది ఏడాదిలో ఎన్ని రోజులు? మిగతా రోజుల్లో పొడి రోడ్డు మీద వింటర్ టైర్లు అరిగిపోతాయి.

మంచుకొండ
ఉప్పు మీద అంత భరోసా వద్దండి. 30 ఫారెన్‌హీట్ దగ్గర ఒక పౌను ఉప్పు 46 పౌన్ల ఐస్‌ని కరిగిస్తుంది. 20 దగ్గరికొచ్చేసరికి 9 పౌన్లు కూడా కరగదు. 15 కిందికి దిగితే మామూలు రాతి ఉప్పు చల్లినా పెద్దగా ఫలితముండదు, కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ లాంటివి కలపాలి. మధ్యాహ్నం కరిగిన నీళ్ళే రాత్రికి గడ్డకట్టి కనిపించని పొర అవుతాయి.

ఇంకో విషయం చాలామందికి వింతగా ఉంటుంది. మరీ చలిగా ఉన్నప్పటి ఐస్ కంటే 32 డిగ్రీల (నీళ్ళు గడ్డకట్టే ఉష్ణోగ్రత) చుట్టుపక్కల ఉన్న ఐసే ఎక్కువ జారుతుంది, పైన పల్చటి నీటి పొర ఉంటుంది కాబట్టి. అందుకే "ఇవాళ అంత చలి లేదులే" అనుకున్న రోజే జాగ్రత్తగా ఉండాలి.

ఫ్రిస్కో_పద్మ
మంచుకొండ గారు చెప్పిన ఆ 32 డిగ్రీల మాటకి మా డల్లాస్ వాళ్ళమే సాక్ష్యం. ఇక్కడ స్నో తక్కువ, ఫ్రీజింగ్ రెయిన్ ఎక్కువ. వాన పడుతున్నట్టే ఉంటుంది, రోడ్డు తడిసినట్టే ఉంటుంది, అంతా ఐసే. 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35డబ్ల్యు మీద 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. డ్యూటీకి బయల్దేరినవాళ్ళు, డ్యూటీ నుంచి వస్తున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. అక్కడ రోడ్డు నేల మీద కాదు, ఎత్తు మీద ఉంది. కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి బ్రిడ్జిలు, ఫ్లైఓవర్లు ముందుగా గడ్డకడతాయి. మామూలు రోడ్డుకి కింద నేల వెచ్చదనం కొంతైనా ఉంటుంది.

మా ఊరి ఫ్లైఓవర్ల ఎత్తు తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఐస్ వార్నింగ్ ఉన్న రోజున ఇక్కడ చాలామంది హైవే వదిలి సర్వీస్ రోడ్డు మీద పోతారు. నా మట్టుకు నేనైతే గరాజ్ తలుపే తీయను. ఐస్ మీద ఏ టైరూ దేవుడు కాదు.

తమ్ముడూ, టెంపరేచర్ సున్నా సెల్సియస్‌కి, అంటే ఆ 32 ఫారెన్‌హీట్‌కి, అటూ ఇటూగా ఉండి రోడ్డు నల్లగా తడిగా మెరుస్తుంటే, ముందు బండి చక్రాల వైపు చూడు. నీళ్ళు చిమ్ముతుంటే తడి. మెరుస్తూ కూడా చుక్క చిమ్మడం లేదంటే ఐస్ అనుకుని కాలు మెల్లగా తీసెయ్, బ్రేకు జోలికి పోకు.

తెనాలి_కుర్రాడు
అందరికీ చాలా థాంక్స్. పొద్దున్నే టార్చి వేసి చూశాను. అంకెలు 2316. క్వార్టర్ పెడితే ముందు రెండింటికీ వాషింగ్టన్ గారి జుట్టంతా దర్శనమిచ్చింది. వెనక రెండూ కాస్త నయం.

రెండు ప్రశ్నలు. ఫ్రంట్‌వీల్ బండి కదా, ముందు రెండింటికే వింటర్ టైర్లు వేస్తే సరిపోదా? రెండోది, మాకు గరాజ్ లేదు, మిగతా టైర్లు ఎక్కడ పెట్టుకోవాలి?

ట్రాయ్_బాబాయ్
2016లో పుట్టిన టైర్లా! వాటికి సన్మానం చేసి పంపించెయ్.

ముందు రెండే మార్చడం అన్నిటికంటే ప్రమాదం. ముందు చక్రాలు పట్టుకుంటాయి, వెనకవి పట్టుకోవు. మలుపులో కాలు తీసినా, బ్రేకు తాకించినా వెనక భాగం పక్కకి విసిరేస్తుంది, గిర్రున తిరిగిపోతావు. నాలుగూ ఒకేసారి, ఒకే రకం.

నీ పరిస్థితిలో రెండు దారులు. ఒకటి, అసలు వింటర్ టైర్లు: బ్లిజ్జాక్, ఎక్స్-ఐస్, నోకియన్ వాళ్ళ హక్కపెలీటా లాంటివి. వేసవిలో మళ్ళీ వేరే సెట్ కావాలి. రెండోది ఆల్‌వెదర్ టైర్లు, క్రాస్‌క్లైమేట్ 2 లాంటివి. పేరు ఆల్‌సీజన్‌కి దగ్గరగా ఉన్నా సరుకు వేరు, వీటికి ఆ కొండ బొమ్మ ఉంటుంది, ఏడాదంతా తీయక్కర్లేదు. ఐస్ మీద అసలు వింటర్ టైరంత పట్టు ఉండదు. కానీ గరాజ్ లేదు, ఎలాగూ పాత టైర్లు పారేయాలి, ఆఫీసు దారి అంతా ఉప్పు చల్లే ఫ్రీవే. నేనైతే నీకు రెండోదే చెబుతాను. అసలు వింటర్ టైర్లే కావాలంటే చాలా టైర్ షాపులు కొంత ఫీజు తీసుకుని మరో సీజన్ టైర్లు వాళ్ళ దగ్గరే దాచిపెడతాయి, అడిగి చూడు.

గాలి కూడా చూసుకోవాలి. టెంపరేచర్ 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గిన కొద్దీ టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. ఫీనిక్స్‌లో పట్టించిన గాలి మీద జనవరిలో ఇక్కడ తిరిగితే డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలగక మానదు. డ్రైవర్ డోరు పక్క స్టిక్కర్ మీద ఉన్న అంకె దాకా, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించు. స్నోలో పట్టు కోసం గాలి తగ్గించమని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకో.

మిస్సిసాగా_శారద
కెనడా నుంచి ఒక మాట. క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. మా ఒంటారియోలో తప్పనిసరి కాదు కానీ, వేసుకుంటే ఇన్సూరెన్సులో తగ్గింపు ఇవ్వాలి. అడిగితేనే ఇస్తారు, కాబట్టి ఒంటారియోలో ఉన్నవాళ్ళు బిల్లు పట్టుకుని ఫోన్ చేయండి.

పిల్లలున్నవాళ్ళకి ఇంకొకటి చెప్పాలి, ఎక్కడా దీని గురించి మనవాళ్ళు మాట్లాడుకోరు. చలి అని చెప్పి లావుపాటి పఫర్ కోటు వేసి, దాని మీదే కార్ సీట్ బెల్టులు బిగిస్తారు. బెల్టు బిగుతుగా ఉన్నట్టే ఉంటుంది. గుద్దుకున్నప్పుడు కోటులోని గాలంతా అణిగిపోయి బెల్టు వదులైపోతుంది, పిల్ల జారి బయటికొచ్చేయగలదు. ఇంట్లో ఒకసారి పరీక్షించుకోండి. కోటుతో కూర్చోబెట్టి బెల్టు బిగించండి, బెల్టు సర్దుబాటు మార్చకుండా తీసి, కోటు విప్పి మళ్ళీ కూర్చోబెట్టి పెట్టండి. భుజం దగ్గర ఎంత వదులు వస్తుందో చూస్తే మీకే తెలుస్తుంది. పల్చటి ఫ్లీస్ వేసి బెల్టు పెట్టి, ఆ పైన కోటు దుప్పటిలా కప్పితే సరి. మా అత్తగారికి ఇది నచ్చదు, పిల్ల వణికిపోతుందంటారు. కారు ముందే వేడి చేసి పెడతాను, గొడవ ఉండదు.

ఓరుగల్లు_పోరడు
శారదక్కా, ఈ కోటు ముచ్చట నిజంగా తెల్వదు, రేపటి నుంచే మొదలుపెడతాం.

నాది ఎడిసన్, న్యూజెర్సీ. ఈవీ (ఎలక్ట్రిక్ కారు) ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నా. యాక్సిలరేటర్ వదలగానే ఈవీ దానంతటదే బ్రేకు పడ్డట్టు నెమ్మదిస్తుంది కదా, జారుడు రోడ్డు మీద అదే కొంప ముంచొచ్చు. కాలు టక్కున తీస్తే బ్రేకు తొక్కినట్టే. మెల్లగా వదలాలి, రీజెన్ (ఇట్లా దానంతటదే పడే బ్రేకు) తగ్గించుకునే వీలుంటే తగ్గించుకోవాలి. ఇంకో చిక్కు: బ్యాటరీ చల్లగా ఉన్నప్పుడు రీజెన్ సరిగా పని చేయదు. పొద్దున బయల్దేరినప్పుడు పెడల్ ఒక రకంగా, అరగంట పోయినంక ఇంకో రకంగా అనిపిస్తుంది. ప్లగ్‌లో ఉన్నప్పుడే యాప్‌లో ప్రీకండిషన్ (బయల్దేరే ముందే బండిని వేడి చేయడం) పెట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది, కేబిన్ కూడా వెచ్చగా ఉంటుంది, రేంజ్ కూడా కొంత మిగులుతుంది.

ఇంకో మాట. కారు పైకప్పు మీద స్నో దులపకుండా అద్దానికి పిడికెడు కిటికీ గీసుకుని బయల్దేరే మహానుభావులు మా కమ్యూనిటీలో చాలామంది ఉన్నారు. హైవే ఎక్కినంక ఆ పలక మొత్తం లేచి వెనక బండి అద్దం మీద పడుతుంది. న్యూజెర్సీలో దులపకపోతే 25 నుంచి 75 డాలర్ల ఫైను, ఎగిరిపడి ఎవరికైనా దెబ్బ తగిలితే 200 నుంచి 1000. పెన్సిల్వేనియాలో కూడా 2022లో ఇట్లాంటి చట్టమే వచ్చింది. బ్రష్ ఉన్న కర్ర పొడుగుది కొనండి, పది పదిహేను డాలర్ల పని.

సుబారు_రాజు
అద్దం మాట వచ్చింది కాబట్టి: ఐస్ పట్టిన అద్దం మీద వేడినీళ్ళు పోయకండి దయచేసి. మా వీధిలో ఒకాయన కాఫీ కెటిల్‌తో వచ్చి పోశాడు, ఈ చివర నుంచి ఆ చివరకి టప్‌మని గీత. పోసిన నీళ్ళు కిందకి కారి వైపర్ల దగ్గర మళ్ళీ గడ్డకట్టాయి, అది బోనస్. స్క్రేపర్, డీఫ్రాస్ట్, ఓపిక, అంతే. లోపల ఆవిరి పట్టినప్పుడు గాలి లోపలే తిరిగే బటన్ ఆపేసి, హీటర్‌తో పాటు ఏసీ కూడా వేయండి. ఏసీ తేమని లాగేస్తుంది.

టైర్ల మీద నా అభిప్రాయం మారలేదు.

ట్రాయ్_బాబాయ్
నువ్వు మారవని తెలుసులే రాజూ. 😀

తెనాలి అబ్బాయికి ఫ్రీవే మీద ఎలా పోవాలో చెప్పి నా వంతు ముగిస్తాను. స్నో పడేటప్పుడు 696 మీద ఎడమ లేన్ ఖాళీగా, తెల్లగా ఉంటుంది, మధ్య లేన్లలో చక్రాలు పోయిన నల్లటి జాడలుంటాయి. ఆ జాడల్లోనే ఉండు. లేన్ మారాలంటే రెండు జాడల మధ్య బురద స్నో కట్ట దాటాలి, అక్కడే స్టీరింగ్ గుంజుకుపోతుంది. మారక తప్పనప్పుడు ముందే వేగం తగ్గించి, స్టీరింగ్ ఇంచుమించు తిన్నగా ఉంచి, తొందరపడకుండా దాటు. క్రూజ్ కంట్రోల్ ముట్టుకోకు. ముందు బండికీ నీకూ ఐదారు సెకన్ల దూరం ఉండాలి. ఆ ఖాళీలో ఎవడో ఒకడు దూరతాడు, దూరనీ. ఇంకో రెండు సెకన్లు వెనక్కి తగ్గు. అహం ఇంట్లో పెట్టి రావాలి.

నీ దారిలో నాకు భయం వేసేవి ర్యాంపులు. 696 నుంచి 75 ఎక్కే వంపు పైకి లేస్తుంది, అంటే పద్మగారు చెప్పిన ఫ్లైఓవర్ కథే. వంపులోకి దిగకముందే, తిన్నని రోడ్డు మీదే వేగం తగ్గించుకో. వంపు మధ్యలో బ్రేకూ వద్దు, గ్యాసూ (యాక్సిలరేటర్) వద్దు.

ముందు ఆకుపచ్చ, కాషాయం లైట్లు వెలుగుతూ నెమ్మదిగా పోతున్న పెద్ద ట్రక్కు కనిపిస్తే అది ఎమ్‌డాట్ (మిషిగన్ రవాణా శాఖ) వాళ్ళ స్నోప్లో, అంటే స్నో తీసే బండి. దాని వెనక పోవడం వరం. అది తీసి ఉప్పు చల్లిన రోడ్డు మీద నువ్వు పోతున్నావు. దాన్ని దాటావంటే తీయని రోడ్డు మీదకి నువ్వే మొదట వెళ్తున్నట్టు. పైగా అది లేపే తెల్లటి దుమ్ములో బ్లేడు ఏ పక్కకి ఎంత పొడుగుందో కనిపించదు. ఇంట్లోంచి బయల్దేరే ముందు ఎమ్‌డాట్ వాళ్ళ మై డ్రైవ్ సైట్ తెరువు, కెమెరాలూ, ప్లోలు ఎక్కడున్నాయో కూడా కనిపిస్తాయి.

స్పీడ్ లిమిట్ 70 అని బోర్డు ఉంది కదా అని 60లో పోయినా మిషిగన్‌లో టికెట్ రాయొచ్చు. వాతావరణానికి తగిన వేగంలో పోవాలని చట్టం. జారి గుద్దుకుంటే "ఐస్ ఉందండీ" అన్నది సాకు కాదు, నువ్వు ఎక్కువ వేగంలో ఉన్నావనడానికే రుజువు.

2015 జనవరి 9న కలమజూ దాటాక గేల్స్‌బర్గ్ దగ్గర ఐ-94 మీద 190కి పైగా వాహనాలు గుద్దుకున్నాయి, అందులో బాణసంచా తీసుకెళ్తున్న ట్రక్కు కూడా అంటుకుంది. స్నోతో పాటు ముందేమీ కనిపించని పరిస్థితి. లేక్ మిషిగన్ మీద నుంచి వచ్చే మేఘం అలాంటిది, ఎండగా ఉన్న రోడ్డు రెండు నిమిషాల్లో తెల్లటి గోడ అయిపోతుంది. ఫోన్‌కి స్నో స్క్వాల్ (ఒక్కసారిగా ముంచుకొచ్చే స్నో గాలివాన) వార్నింగ్ వస్తే లెక్కచేయకుండా పోవద్దు, ముందున్న ఎగ్జిట్‌లో దిగి ఓ గంట కాఫీ తాగు. ఫ్రీవే షోల్డర్ మీద మాత్రం ఆగకు. వెనకవాడికి నువ్వు కనిపించవు.

వైజాగ్_రిటైర్డ్
నమస్తే. మా అబ్బాయి బఫెలోలో చదువుకుంటున్నాడు. నలుగురు స్నేహితులు కలిసి ఒక పాత కారు కొన్నారట. మీరు రాసినవి చదువుతుంటే నాకూ వాళ్ళమ్మకీ గుండె దడ పెరిగింది. వాడికి ఏం చెప్పమంటారు? ఫోన్‌లో ఎక్కువ చెబితే విసుక్కుంటాడు.

మంచుకొండ
అంకుల్, నమస్తే. కంగారు పడకండి, బఫెలోలో రోడ్లు బాగా తీస్తారు, వాళ్ళకది అలవాటే. ఒక్క మాటే గట్టిగా చెప్పండి: ట్రావెల్ బ్యాన్ పెడితే కారు తాళాలు ముట్టుకోవద్దని. 2022 డిసెంబరు తుఫానులో అక్కడ డ్రైవింగ్ నిషేధించారు, అయినా రోడ్ల మీద వందల కార్లు ఇరుక్కుపోయాయి. ఆ కౌంటీలో 40 మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో కార్లలోనే ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. అంబులెన్సులు, ఫైరింజన్లే కదలలేకపోయాయి.

రెండోది, కారు స్నోలో ఇరుక్కుంటే దిగి నడుచుకుంటూ పోకూడదు, తెల్లటి గాలిలో దారి తప్పుతారు. కార్లోనే ఉండి 911కి ఫోన్ చేయాలి. హీటర్ కోసం ఇంజన్ వేసే ముందు వెనక సైలెన్సర్ గొట్టం చుట్టూ స్నో తీసెయ్యాలి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీలో స్నో చూడ్డానికి వెళ్ళి కార్లలో చిక్కుకున్న 20 మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో కొందరి విషయంలో ఈ వాయువే కారణమన్నారు. గంటకి పది నిమిషాల చొప్పున ఇంజన్ వేసి, కిటికీ కొంచెం దించి ఉంచాలి.

పాత కారు అన్నారు కాబట్టి బ్యాటరీ పరీక్ష చేయించమనండి, విడిభాగాల షాపుల్లో చాలాచోట్ల ఉచితంగానే చేస్తారు. 0 ఫారెన్‌హీట్ దగ్గర బ్యాటరీ బలం సగం కంటే ఎక్కువ పోతుంది. అద్దం కడిగే నీళ్ళు వేసవివి ఉంటే తీసేసి మైనస్ 20 ఫారెన్‌హీట్ డిగ్రీలదని రాసి ఉన్నది పోయాలి, లేకపోతే సరిగ్గా ట్రక్కు బురద చిమ్మినప్పుడే పైపులో గడ్డకట్టి ఉంటుంది. డిక్కీలో దుప్పటి, చిన్న పార, జంపర్ కేబుల్స్, టార్చి, చక్రం కింద వేయడానికి ఇసుక గానీ క్యాట్ లిటర్ గానీ ఒక సంచి. తినడానికి ఏదో ఒకటి. మీరు పంపిన జంతికలున్నా చాలు.

వైజాగ్_రిటైర్డ్
చాలా సంతోషం బాబూ. ఇది యథాతథంగా వాడికి వాట్సాప్‌లో పంపించాను. "డాడీ ఎవరు రాశారిది" అని వెంటనే జవాబు వచ్చింది, అంటే చదివినట్టే.

తెనాలి_కుర్రాడు
ఆల్‌వెదర్ టైర్లకి ఆర్డర్ పెట్టాను. శనివారం వేస్తారు. అలైన్‌మెంట్ అంతా కలిపి తొమ్మిది వందల లోపు అవుతుందన్నారు, ఎస్‌యూవీ డౌన్ పేమెంట్‌తో పోలిస్తే నయమే. బండి నిజంగా జారడం మొదలెడితే స్టీరింగ్ ఎటు తిప్పాలి? వీడియోల్లో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతున్నారు.

మంచుకొండ
ఏ చక్రాలు జారుతున్నాయన్న దాన్ని బట్టి. స్టీరింగ్ తిప్పినా బండి తిరగకుండా నేరుగా పోతుంటే ముందు చక్రాలు జారుతున్నాయి. నీ కామ్రీలో ఎక్కువగా జరిగేది ఇదే. ఇంకా తిప్పేయాలనిపిస్తుంది, తిప్పకు. గ్యాస్ వదిలి, స్టీరింగ్ కొంచెం వెనక్కి తెచ్చి, చక్రాలు పట్టుకునేదాకా ఆగు. వెనక భాగం పక్కకి పోతుంటే వెనక చక్రాలు జారుతున్నాయి. అప్పుడు బండి ముక్కు ఎటు పోవాలనుకుంటావో అటు చూస్తూ అటే తిప్పు, పట్టు రాగానే వెంటనే తిన్నగా చెయ్, లేకపోతే రెండో వైపుకి విసురుతుంది. 2012 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి, కాబట్టి నీ బండి కూడా తన వంతు తాను చేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ మినుకుమినుకుమంటే అది పని చేస్తోందని, నువ్వు వేగం తగ్గించాలని.

చదివితే చేతికి రాదు. స్నో పడ్డాక ఆదివారం పొద్దున్నే, స్తంభాలూ కాలిబాట గట్లూ లేని ఖాళీ పార్కింగ్ లాట్ చూసుకుని, అడగాల్సినవాళ్ళని అడిగి, 15 మైళ్ళ వేగంలో కావాలనే బ్రేకు తొక్కి చూడు. పెడల్ వణుకు కాలికి అలవాటవుతుంది.

ట్రాయ్_బాబాయ్
శనివారం టైర్లు వేయించాక 50 నుంచి 100 మైళ్ళు తిరిగి, షాపుకి మళ్ళీ వెళ్ళి చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో సరిచూపించుకో. డబ్బు తీసుకోరు. చాలామంది ఈ పని ఎగ్గొడతారు.

బేఏరియా_చిన్నా
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. క్రిస్మస్ సెలవుల్లో ఫ్యామిలీతో కాలిఫోర్నియా కొండల్లోని టాహో వెళ్తున్నాం, మాది ఏడబ్ల్యుడీ హైలాండర్, ఆల్‌సీజన్ టైర్లు. చెయిన్లు (స్నోలో పట్టు కోసం టైర్ల చుట్టూ బిగించే గొలుసులు) కొనాలా వద్దా?

సుబారు_రాజు
దీనికి నేను చెబుతాను, రెండేళ్ళు శాక్రమెంటోలో ఉన్నాను. కొనాలి. కాలిఫోర్నియాలో చెయిన్ కంట్రోల్, అంటే చెయిన్లు ఎవరు వేయాలన్న ఆంక్ష, మూడు రకాలు. ఆర్1 అంటే చెయిన్లు కావాలి, స్నో టైర్లున్న మామూలు కార్లకి మినహాయింపు. ఆర్2 అంటే నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఫోర్‌వీల్, ఏడబ్ల్యుడీ బండ్లకే మినహాయింపు. ఆర్3లో ఎవరికీ మినహాయింపు లేదు, కానీ అంతదాకా వస్తే చాలాసార్లు రోడ్డే మూసేస్తారు. మినహాయింపు ఉన్న ఏడబ్ల్యుడీ బండిలో కూడా చెయిన్లు ఉండాల్సిందే. టైరు పక్కగోడ మీద కొండ బొమ్మ గానీ ఎం ప్లస్ ఎస్ గానీ ఉందో చూసుకోండి, చెక్‌పోస్టు దగ్గర అదే చూస్తారు. చెయిన్లు వేశాక 25, 30 మైళ్ళకి మించి పోకూడదు.

బేఏరియా_చిన్నా
థాంక్స్ రాజు గారూ. ఏడబ్ల్యుడీకి ముందు చక్రాలకి వేయాలా, వెనకా?

సుబారు_రాజు
బండి మాన్యువల్ చూడండి, మోడల్‌ని బట్టి మారుతుంది. కొన్నిటికి ఫెండర్ లోపల చోటు చాలదు, పల్చటి కేబుల్ రకమే పడుతుంది. కొని ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి వేసి తీసి చూసుకోండి. డానర్ పాస్ కనుమ దగ్గర చీకట్లో, చేతులు కొంకర్లు పోతున్నప్పుడు డబ్బా మీది సూచనలు చదువుతూ కూర్చోలేరు. రసీదు దాచండి. పెట్టె విప్పకపోతే తిరిగి తీసుకునే షాపులున్నాయి. ఒకవేళ రెంటల్ కారులో వెళ్ళే ఆలోచన ఉంటే ఒప్పందం ముందే చదవండి, చాలా కంపెనీలు చెయిన్లు వేయనివ్వవు.